పనిమనిషి జీతానికో పద్దు పుస్తకం

పాలవాడికి కార్డు ఉంది. పేపరు అబ్బాయికి రసీదు ఉంది. గ్యాసు సిలిండరు ఎప్పుడు మార్చామో కేలండరు మీద గుండ్రంగా చుట్టి పెట్టుకుంటాం. చాకలి పద్దు రాయని ఇల్లాలు మా అమ్మల కాలంలో లేనే లేదు. మరి రోజూ పొద్దున్నే వచ్చి వాకిలి ఊడ్చి, అంట్లు తోమి, ఇల్లంతా తడిగుడ్డ పెట్టి వెళ్లే మనిషి జీతం లెక్క ఎక్కడ ఉందండీ? సగం మన నోట్లో, సగం ఆవిడ నోట్లో!

ఈమధ్య ఒక సోదరి ఇలా రాశారు. "మా పనమ్మాయికి నెలకి 3,000 ఇస్తాను. పోయిన నెల 6 రోజులు నాగా పెట్టింది. రోజుకి వంద చొప్పున 600 కోశాను. మొహం మాడ్చుకుని పని మానేసింది. నేను చేసింది తప్పా?"

తప్పొప్పులు తర్వాత చూద్దాం, ముందు లెక్క చూద్దాం. నేను ఇంటర్‌లో కామర్స్ చదివాను లెండి, అంతకుమించి నాకూ తెలీదు. కానీ ఈ లెక్కకి అది చాలు.

మనింట్లో మావారికి ఆదివారం సెలవు. ఆ ఆదివారానికి జీతం కోస్తారా? కొయ్యరు. నెలలో 26 రోజులు పని, 4 రోజులు జీతంతో సెలవు. నెల జీతాన్ని రోజుకి ఎంత పడుతుందో చూసేటప్పుడు కంపెనీల్లో 26తో భాగించేది అందుకే. అలా చూస్తే 3,000కి రోజుకి 115 రూపాయలు వస్తుంది. 6 నాగాల్లో 4 ఆవిడ సెలవులు. మిగిలినవి 2. కొయ్యాల్సింది 230. కోసింది 600. అంటే 370 రూపాయలు ఎక్కువ కోశారన్నమాట. ఆ అమ్మాయి మొహం ఎందుకు మాడిందో ఇప్పుడు తెలిసిందా?

ఇంకో సంగతి. ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా నెలంతా వచ్చిందనుకోండి. ఆ 4 రోజులకి 460 అదనంగా ఇవ్వాలి. అలా ఇచ్చినవాళ్లు చేతులెత్తండి చూద్దాం!

"మాదేమన్నా కంపెనీయా?" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. నిజమే, మనింటికి లేబర్ ఇన్‌స్పెక్టర్ రాడు. పి.ఎఫ్. అంటే 20 మంది పనివాళ్లుండాలి, ఇ.ఎస్.ఐ. అంటే 10 మంది ఉండాలి. మన దగ్గర ఉన్నది ఒక్కరే, అదీ రెండు గంటలే. కానీ చట్టం మనల్ని పట్టుకోకపోయినా దాని కొలత మనం వాడుకోవచ్చు కదా! బియ్యం ఇంటికోసం కొలిచినా కొట్లో కొలిచినా శేరు శేరే. అసలు మన రాష్ట్రం ఒక్కటిగా ఉన్నప్పుడే, 2007లో, ఇళ్లలో చేసే పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. ఇప్పుడు మీ ఊళ్లో ఆ రేటు ఎంత ఉందో కార్మిక శాఖ ఆఫీసులో అడగండి.

ఇక పుస్తకం. కొత్తది కొననక్కర్లేదు, పిల్లల పోయినేడాది నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు కుట్టుకుంటే చాలు. మొదటి పేజీలో ఒప్పందం రాయండి. ఏయే పనులు, ఎన్నింటికి రావాలి, జీతమెంత, నెలకి ఎన్ని సెలవులు, జీతం ఏ నెలలో పెంచుతారు. ఆఖరిది తప్పకుండా రాయండి. ఉగాదికి అనుకుంటే ఉగాదికే. లేకపోతే ఆవిడ అడగాలి, మనం మొహం చిట్లించాలి, ఏడాదికోసారి ఇదో తలనొప్పి. చుట్టాలొచ్చినప్పుడు అంట్లు రెట్టింపైతే ఎంత ఇస్తారో కూడా ముందే అనుకుంటే మంచిది. మనకి నలుగురు చుట్టాలంటే ఆవిడకి రెండు బుట్టల గిన్నెలు!

తర్వాత నెలకో పేజీ. తారీఖులు వరసగా వేసి, రాని రోజున చిన్న గీత. అడ్వాన్సు ఇస్తే ఆ రోజే రాయాలి, రాత్రికి రాద్దాంలే అనుకుంటే ఆ రాత్రి రాదు. నెలాఖరున ఇచ్చిన జీతం, మిగిలిన బాకీ రాసి ఆవిడ చేత సంతకం, రాకపోతే వేలిముద్ర. ఇలాంటిదే ఇంకో చిన్న పుస్తకం ఆవిడ దగ్గరుండాలి. "ఆవిడకి చదువు రాదు కదండీ" అంటారేమో. ఆవిడ కూతురు బడికి పోతోంది కదా, ఆ పిల్ల చదివి చెబుతుంది. మనం రాసింది ఇంకొకరు చదువుతారని తెలిస్తే మనమూ జాగ్రత్తగా రాస్తాం.

అన్నిటికంటే ఎక్కువ గొడవలు వచ్చేది ఈ అడ్వాన్సు దగ్గరే. జూన్‌లో బడి ఫీజులు, వానాకాలం జ్వరాలు, ఊళ్లో జాతర, కూతురి ఓణీల ఫంక్షన్. వీటన్నిటికీ ఆవిడకి బ్యాంకు మనమే. మా వీధిలో ఒకావిడ పనమ్మాయికి 5,000 అప్పు ఇచ్చి నెలకి 300 చొప్పున రెండేళ్లు కోసింది. పుస్తకం లేదు. ఇంకా 2,000 ఉందని ఈవిడ, ఎప్పుడో తీరిపోయిందని ఆ అమ్మాయి. నన్ను పిలిచారు. నెలకి 300, రెండేళ్లు, ఈ రెండూ ఇద్దరూ ఒప్పుకున్నారు. పెన్సిలు తీసుకుని గుణిస్తే 7,200! 17వ నెలలోనే బాకీ తీరిపోయింది. పైన 2,200 మా వీధావిడే ఆ అమ్మాయికి బాకీ. ఆవిడ మంచి మనిషి, మోసం చెయ్యాలని చేసింది కాదు, మర్నాడే 2,200 ఇచ్చేసింది. కానీ ఆ అమ్మాయి ఏడు నెలలు నోరెత్తకుండా కోయించుకుంది చూశారా! "అమ్మగారు చెప్పారంటే ఉండే ఉంటుంది" అనుకుందట.

జీతంలో అన్ని కోతలూ కలిపి సగం మించకూడదని వేతనాల చట్టం చెబుతోంది. మన ఇళ్లకి సగం కూడా ఎక్కువే. 3,000లో 1,500 పోతే ఆవిడ బియ్యం కొనేదెలా? ఆరో వంతు మించకుండా కొయ్యండి. 10,000 ఇస్తే నెలకి 500, ఇరవై నెలలు. "బాకీ తీరేదాకా మానడానికి వీల్లేదు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టెయ్యడం వెట్టి కిందికి వస్తుంది. దాన్ని 1976 చట్టంతోనే నిషేధించారు, శిక్ష కూడా ఉంది.

మనం వేసవిలో పుట్టింటికి వెళ్లి పదిరోజులు తాళం వేసుకుంటే? ఆ పదిరోజులకీ జీతం ఇవ్వాలనే నేనంటాను. పని చెయ్యనని ఆవిడ అనలేదు, పని లేకుండా చేసింది మనం. కొందరు ఒప్పుకోరు, మీ ఇష్టం, కానీ ఏదైనా మొదటి పేజీలో రాసిపెట్టండి.

పండక్కి చీర పెడతాం కదా, అదే బోనసు అంటారు చాలామంది. చీర పెట్టండి, సంతోషం. కానీ కంపెనీల్లో బోనసు తక్కువలో తక్కువ 8.33 శాతం. ఈ వింత అంకె ఏమిటా అనుకోకండి, ఏడాది జీతంలో పన్నెండో వంతు. అంటే ఒక నెల జీతం. అలాగే మిగిలిన అన్నం, కూరలు, పాత బట్టలు జీతంలో కలిపి చెప్పకండి. అవి ఇవ్వాలనిపిస్తే ఇస్తాం, ఆవిడ వాటితో కరెంటు బిల్లు కట్టలేదు.

పదేళ్లు చేసి మోకాళ్లు పట్టేసి మానేసిన మనిషిని ఎలా పంపుతున్నాం? కంపెనీలో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ కడతారు. మన 3,000కి అది ఏడాదికి 1,730 రూపాయలు, పదేళ్లకి 17,000 దాటుతుంది. ఒక్కసారి తియ్యాలంటే మనకీ కష్టమే. అందుకని నెలకి 150 చొప్పున ఆవిడ పేరనే పోస్టాఫీసులో ఆర్.డి. కట్టించండి. పాస్‌బుక్కు ఆవిడ దగ్గరే ఉండాలి సుమా!

"మన చాకిరీకి ఎవరు జీతం ఇస్తున్నారండీ?" అని ఒకావిడ నన్ను నిలదీసింది. నిజమే తల్లీ, నాకూ ఆ కోపం ఉంది. కానీ ఆ కోపం ఈవిడ మీద తీర్చుకుంటే ఎలా?

రెండు ముక్కలు గట్టిగా చెప్పాలి. 14 ఏళ్లు నిండని పిల్లని పనిలో పెట్టుకోవడం నేరం, "చదివిస్తాం, కూతురిలా చూసుకుంటాం" అన్నా సరే. పని చేసే ఇంట్లో మగవాళ్లు ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే 2013 చట్టం కింద పనిమనిషికీ రక్షణ ఉంది. జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. ఈ సంగతి ఆవిడకి చెప్పాల్సింది మనమే.

చివరగా, ఒక మధ్యాహ్నం ఆవిడ ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తెమ్మనండి. ఈ-శ్రమ్ కార్డు 16 నుంచి 59 ఏళ్లవాళ్లకి ఉచితంగా ఇస్తారు. మీ అబ్బాయో అమ్మాయో ఫోనులోనే నమోదు చేసేస్తారు, కాకపోతే ఆధార్‌కి ఆవిడ ఫోను నంబరు కలిపి ఉండాలి. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకి 2 లక్షలు వస్తాయి. 50 ఏళ్లు దాటకపోతే 436 రూపాయలతో జీవన్ జ్యోతి కూడా తీసుకోవచ్చు. ఈ రెండు మొత్తాలూ కలిపి 456. ఏటా మే నెలాఖరుకి ఆవిడ ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. మే నెల జీతంలో 456 ముందుగానే ఆవిడ ఖాతాలో వేసి, పుస్తకంలో రాసుకోండి. దాన్ని మీ లెక్కలో వేసుకుంటే ఇంకా మంచిది.