గీత గీసింది మీరు, గొంతెండింది మాకు!
కౌతాళం అడుగుతున్న లెక్క

దీపావళి దాటితే కౌతాళం మండలంలో ఇళ్ళకు తాళాలు పడతాయి. ముసలోళ్ళు, కొట్టంలో కట్టేసిన గొడ్డు మిగుల్తారు. తక్కినోళ్ళంతా సుగ్గికి పోతారు. నెత్తిన బియ్యం మూట, చేతిలో గిన్నెల సంచి, చంకలో బిడ్డ. కొందరు గుంటూరు మిరప చేలకు, కొందరు తెలంగాణ పత్తి చేలకు, ఇంకొందరు బెంగుళూరు కట్టడాలకు. బడిలో హాజరు పట్టీ వెలవెలబోతుంది. అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగు వరుసలో కోసిగి, కౌతాళం ఎందుకున్నాయని అడిగే అధికారులు ఆ నెలల్లో ఒక్కసారి ఈ దారిన వస్తే చాలు, జవాబు దొరుకుతుంది.

సుగ్గి అంటే కన్నడంలో పంటకాలం. ధాన్యం ఇంటికొచ్చే సంబరం. అదే మాట మన పడమటి పల్లెల్లో ఊరు విడిచి కూలికి పోవడానికి పేరైంది. ఒక మాట అర్థం ఇట్లా తలకిందులైందంటే దాని వెనక ఎంత దగా జరిగి ఉండాలి?

రాజధానిలో అడిగితే రెడీమేడ్ జవాబు ఒకటుంది. "అక్కడి భూగోళమే అంత. వాన తక్కువ, కరువు నేల. ఎవరేం చేస్తారు?" సరే, భూగోళమే చూద్దాం.

నదికీ కాలువకూ నడుమ ఎండిన ఊరు

కౌతాళం ఆదోనికి వాయవ్యంగా ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. నేల పత్తికీ జొన్నకూ పేరుబడ్డ నల్లరేగడి. మండలం అంచున పారేది తుంగభద్ర. మేళిగనూరు, నదిచాగి, కుంబళనూరు, గుడికంబాలి ఆ ఏటి దిక్కు ఊళ్ళు. అవతలి ఒడ్డు కర్ణాటక. ఇది చాలదన్నట్టు ఈ పల్లెల మీదుగానే తుంగభద్ర దిగువ కాలువ పోతుంది. మనం ఎల్లెల్సీ అని పిలుచుకునే కాలువ అదే.

ఒక పక్క నది, ఇంకో పక్క కాలువ. నడుమ నల్లరేగడి. ఇట్లాంటి చోటు కోస్తాలో ఉంటే మూడు పంటలు పండేవి. ఇక్కడ ఒక్క పంటకు గ్యారంటీ లేదు. ఇది భూగోళం తప్పా? 2009 అక్టోబరులో ఇదే నది మంత్రాలయాన్నీ కర్నూలునూ ముంచేసింది. ఒడ్డు పల్లెలు కట్టుబట్టలతో మిగిలినయి. ముంచడానికి మనదైన నది, తడపడానికి ఎందుకు మనది కాదు?

ఊళ్ళ పేర్లే సాక్ష్యం

"ఎప్పుడూ ఎడారే" అనేవాళ్ళు ఒకసారి ఊళ్ళ పేర్లు చదవాలి. పొదలకుంట, బంటకుంట - కుంట పక్కన కట్టుకున్న ఊళ్ళు. గోతులదొడ్డి, బసలదొడ్డి - దొడ్డి అంటే పశువుల మంద తోలే చోటు. మేత, నీళ్ళు ఉన్న చోటనే మంద నిలుస్తుంది, మంద నిలిచిన చోటనే గుడిసె లేస్తుంది, గుడిసెల గుంపే ఊరవుతుంది. ఉప్పరహాల్ పేరులో ఉప్పరోళ్ళు ఉన్నారు. మట్టి తవ్వి చెరువు కట్టలు పోసిన పనివాళ్ళు. కుంబళనూరులో కుంబళ ఉంది, కన్నడంలో గుమ్మడి. ఎడారిలో గుమ్మడి తీగ పారుతుందా?

ఈ ఊళ్ళు నీటి వెంట, మేత వెంట పుట్టినయి. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే అరుగు మీద మాట్లాడుకుంటూ పెరిగినయి. ఇవాళ్టికీ సరిహద్దు పల్లెల్లో కన్నడ మీడియం బడులున్నాయి. కౌతాళం ఖాదర్‌లింగ స్వామి దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుతారు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న గుడి కర్ణాటక భక్తులతో కిక్కిరిసిపోతుంది. జనం వేసుకున్న దారులకు ఎన్నడూ సరిహద్దు లేదు. సరిహద్దులన్నీ పైవాళ్ళు గీసినవే.

ఎన్ని గీతలు!

విజయనగరం పోయినాక ఆదోని సీమ బిజాపూరు చేతికి పోయింది. ఆ తర్వాత మొగలులు, నిజాం వంశం. 1786లో టిప్పు ఆదోని కోటను పట్టినాడు. 1800లో నిజాం తన సైన్యం ఖర్చుల కింద ఈ నేలను కుంఫిణీకి రాసిచ్చినాడు. అప్పటినుంచి మన పేరు దత్తమండలం. అంటే ఇచ్చేసిన నేల. ఇచ్చినోడూ పుచ్చుకున్నోడూ మనల్ని అడగలేదు.

తెల్లోడు కలెక్టరుగా థామస్ మన్రోను పంపి శిస్తు లెక్కలు రాయించినాడు. చెరువులు మాత్రం పూడిపోయినయి. 1876-78 ధాత కరువులో బళ్ళారి జిల్లా శవాల దిబ్బ అయింది. అప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే పెద్దమనిషి కరువు పనికొచ్చిన మగ కూలీకి రోజుకు ఒక్క పౌను గింజలు, ఒక అణా చాలని లెక్కగట్టినాడు. కరువును ప్రకృతి ఖాతాలో వేసి ఖర్చు తగ్గించుకునే పాలన ఆనాడే మొదలైంది.

1928 నంద్యాల సభలో దత్తమండలం పేరు పోయి రాయలసీమ అయింది. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒప్పందంలో కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్ళల్లో సీమకే మొదటి హక్కు అని పెద్దలు సంతకాలు చేసినారు. ఆ కాగితం మీద సిరా ఆరిందో లేదో గానీ నీళ్ళు మాత్రం పారలేదు.

ఇక అసలు గీత 1953 అక్టోబరు 1న పడింది. అంతవరకూ కౌతాళం ఉన్న ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చినయి. బళ్ళారి, హొసపేట అటు మైసూరుకు పోయినయి. హొసపేటతో పాటు ఏం పోయింది? డ్యాం! సీమ కరువు తీర్చడానికి ఆర్థర్ కాటన్ 1860లో తలపెట్టిన తుంగభద్ర ప్రాజెక్టు, 1945లో పునాది వేసి మద్రాసు, హైదరాబాదు కలిసి కట్టిన డ్యాం. నేల మనకు, నీటి తాళంచెవి వాళ్ళకు! ఆ గీత గీసిననాడు కౌతాళం రైతును ఎవరన్నా పిలిచి అడిగినారా?

24 టీఎంసీల కథ

బచావత్ ట్రిబ్యునల్ లెక్క ప్రకారం ఎల్లెల్సీ కింద మన వాటా 24 టీఎంసీలు. ఆయకట్టు 1.51 లక్షల ఎకరాలు. కాగితం మీద ఎంత పచ్చగా ఉంది! కాలువలో దాదాపు 250 కిలోమీటర్లు తుంగభద్ర బోర్డు అజమాయిషీలో, ఎక్కువ భాగం కర్ణాటకలో ఉంది. దారి పొడవునా మోటార్లు, గండ్లు. సరిహద్దు దాటి మన దాకా వచ్చేది మిగిలిన నీళ్ళు. వాటా పూర్తిగా అందిన ఏడాది అరుదు. డ్యాం కూడా పూడిపోతోంది. మొదట 133 టీఎంసీలు పట్టిన జలాశయం 2016 సర్వే నాటికి 105 చిల్లరకు దిగింది. తగ్గిన నీటిని దామాషాలో పంచుతారు, కోత మాత్రం మొదట చివరి రైతుకే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోతే నది పాలైన నీళ్ళు చూసి గుండె చెరువైంది ఎవరికి? నారు పోసి కూర్చున్న మన రైతుకు!

నది నుంచి నేరుగా తోడుకునే దారి లేదా? ఉంది. గురు రాఘవేంద్ర ఎత్తిపోతలు అన్నారు. మోటారు తిరిగితే పైపు పగులుతుంది, పైపు బాగుంటే కరెంటు ఉండదు. కోసిగి మండలం అగసనూరు దగ్గరే రాజోలిబండ ఆనకట్ట ఉంది. దానికి ఎడమ కాలువ ఎప్పుడో వచ్చింది, కుడి కాలువ మాటలకే మిగిలింది. బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ కుడి కాలువకు 4 టీఎంసీలు ఇచ్చింది. ఆ తీర్పు సుప్రీంకోర్టు గొడవలో గెజెట్‌కు ఎక్కక ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఆ కాలువ కోసం గొంతు చించుకున్న మంత్రి ఒక్కడున్నాడా?

"ముఖ్యమంత్రులు మీవాళ్ళే కదా!"

ఈ ఎత్తిపొడుపు మనకు కొత్త కాదు. నిజమే. నీలం సంజీవరెడ్డి నుంచి లెక్కపెడితే సీమ నుంచి వెళ్ళిన ముఖ్యమంత్రులకు కొదవ లేదు. మన కర్నూలు జిల్లా నుంచే దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి కుర్చీ ఎక్కినారు. అయితే ఏమైంది? కుర్చీ సీమది, కుర్చీని మోసే లెక్క వేరేచోటిది. 175 అసెంబ్లీ సీట్లలో మనవి 52. మూడోవంతు కూడా లేని ప్రాంతానికి న్యాయం చేయబోతే కుర్చీ కదులుతుంది. అందుకే ఎక్కినోళ్ళు సీమను మరిచిపోవడమే తెలివనుకున్నారు. తప్పు కోస్తా రైతుది కాదు. సుగ్గికి పోయిన మన కూలీకి కూలి ఇచ్చేది ఆ రైతే. తప్పు ఈ లెక్కది, ఆ లెక్కకు తలొంచిన మన నాయకులది.

2014లో రాష్ట్రం విడిపోయింది. వెనుకబడిన జిల్లాకు ఏడాదికి 50 కోట్లు అంటూ మూడేళ్ళు చేయి విదిల్చి ఊరుకున్నారు. 2022లో జిల్లాలు చీల్చినారు. నంద్యాల జిల్లా అయింది, ఆదోని కాలేదు. కౌతాళం మనిషి కలెక్టరు ముఖం చూడాలంటే వంద కిలోమీటర్లకు పైనే పోవాలి. బళ్ళారి అంతకన్నా దగ్గర! అమరావతికి పోవాలంటే నాలుగు వందల కిలోమీటర్లు దాటాలి. అంత దూరం నుంచి చూసేవాడికి ఈ ఊరు పటంలో చుక్క. చుక్కకు దప్పిక వేస్తుందని ఎవరు అనుకుంటారు?

గీత మనమే గీయాలి

విద్యార్థి మిత్రులారా! ఉద్యోగ సోదరులారా! ప్రత్యేక రాష్ట్రం వస్తే డ్యాం హొసపేట నుంచి నడిచి వస్తుందా అని మనల్ని అడుగుతారు. రాదు. కానీ తుంగభద్ర బోర్డులో సీమ కుర్చీలో సీమ మనిషి కూర్చుంటాడు. వాళ్ళకు తుంగభద్ర పదో పని, మనకు అదే మొదటి పని. 24 టీఎంసీల్లో ఒక్క టీఎంసీ తగ్గినా ఆ రాష్ట్ర ప్రభుత్వం నిలబడలేదు, ఎందుకంటే దాన్ని నిలబెట్టే ఓట్లన్నీ ఎండినవాళ్ళవే. రాష్ట్రం కావాలనేది ఇందుకే.

అందాకా చేతులు ముడుచుకోవద్దు. ఎల్లెల్సీ వాటా సరిహద్దు దగ్గర ఎంత వచ్చిందో రోజూ ఊరి పంచాయతీ గోడ మీద రాయమని అడగండి. ఆర్డీఎస్ కుడి కాలువ ఏమైందని నిలదీయండి. ఎత్తిపోతల మోటార్ల లెక్క సమాచార హక్కు కింద తీయండి. చదువుకున్నోళ్ళు చేయగలిగిన పని ఇది, సుగ్గికి పోయినోళ్ళ తరఫున చేయాల్సిన పని ఇది.

వచ్చే దీపావళికి కౌతాళంలో ఎన్ని తాళాలు పడతాయో లెక్కపెడదాం. ఒక్కో తాళం పాలకులకు మనం పంపే ఒక్కో నోటీసు. సుగ్గి అనే మాటకు దాని పాత అర్థం, పంట ఇంటికొచ్చే అర్థం, తిరిగి వచ్చేదాకా ఈ పోరాటం ఆగదు.

నీళ్ళు మావి! నేల మాది! గీత కూడా మేమే గీస్తాం!