కోళ్ల ఎరువు కరిసల్ నేలకు తిరిగి చేరేదెలా?

వెంబకోట్టై పేరు వినగానే బాణసంచా కర్మాగారాలు, 2022లో మొదలైన పురావస్తు తవ్వకాలు స్ఫురించడం సహజం. సేద్యగానికి మాత్రం అంతకంటె దగ్గరి చిక్కు వేరే ఉన్నది. విరుదునగర్ నుండి కోవిల్‌పట్టి వరకు పరచుకొన్న ఈ నల్లరేగడిని తెలుగు కుటుంబాలు తరతరాలుగా దున్నుతున్నాయి, కి. రాజనారాయణన్ కథలలో కరిసల్‌గా నిలిచిన నేల ఇదే. ఇక్కడ వర్షాధారంగా పండే మొక్కజొన్న ప్రధానంగా కోళ్ల దాణాకే పోతుంది. గింజతో పాటు నేలలోని నత్రజని, భాస్వరం కూడా లారీలెక్కి నామక్కల్, పల్లడం వైపు తరలిపోతున్నాయి. వాటికి బదులుగా వచ్చేవి యూరియా, డి.ఎ.పి. బస్తాలు.

పోయినదానిని తిరిగి తెచ్చుకొనే మార్గం కోళ్ల ఎరువు. పశువుల ఎరువులో నత్రజని అర శాతానికి అటూ ఇటూ ఉండగా, కోళ్ల పెంటలో 2 నుండి 3 శాతం వరకు ఉంటుంది. అయితే దానిలో అధిక భాగం యూరిక్ ఆమ్లం రూపంలో ఉండి, తడి తగలగానే అమోనియాగా మారుతుంది. పచ్చి పెంటను తేమ చాలని మెట్టచేలో వేస్తే మొలక మాడుతుంది, ఈగలు ముసురుతాయి, సారం గాలిపాలవుతుంది. ఊరివారి ఫిర్యాదులు దుర్వాసన గురించే గాని, రైతుకు అసలు నష్టం ఆ వాసన రూపంలో పోతున్న నత్రజనియే.

కంపోస్టు చేయడమంటే ఈ నత్రజనిని కట్టివేయడమే. పెంటలో కర్బన, నత్రజనుల నిష్పత్తి పదికి అటూ ఇటూ; కుప్ప సరిగా మాగడానికి 25 నుండి 30 కావాలి. కొబ్బరి పొట్టులో అది వందకు పైనే. బ్రాయిలర్ షెడ్లలో ఆ పొట్టునే పరుపుగా వేసి ఉంటే సగం పని అయినట్లే. గుడ్ల కోళ్ల పెంటకు మొక్కజొన్న చొప్ప, నరికిన పత్తి కట్టె కలపాలి. తేమ 50, 60 శాతం మధ్య నిలిపి, కొన్నాళ్లకొకసారి తిరగవేస్తే కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటి రోగక్రిములు నశిస్తాయి. రెండు మూడు నెలలలో ఎరువు సిద్ధమవుతుంది.

శాస్త్రం ఇంత సులువైనా ఆచరణకు నీరు, కూలీలు అడ్డు. ఈశాన్య రుతుపవనాల విత్తనానికి ఎరువు అందాలంటే ఆడి నెల పొడిగాలులలో కుప్ప తడపాలి. అప్పుడు తాగునీటికే కటకట. ముందటేటి కార్తీక వానలకే కుప్పవేసి, కప్పు కింద నిలవచేయడం మేలు. కుప్ప తిరగవేసే చేతులేమో టపాకాయల పనికి పోతున్నాయి.

ఇక ప్రభుత్వ వైఖరి. 2021 నాటి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు 5 వేలకు మించిన ఫారాలను దశలవారీగా అనుమతుల పరిధిలోకి తెచ్చాయి. 2023లో కేంద్రం సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది గాని, అది బయోగ్యాస్ ప్లాంట్ల నుండి వెలువడే ఎరువుకు ఉద్దేశించినది. పది కుప్పలు వేసుకొన్న చిన్న రైతుకు అందులో చోటు లేదు. ఒప్పంద పెంపకంలో పిల్లలు, దాణా కంపెనీవి. సాధారణంగా పెంపకందారునికి మిగిలేది పెంటయే. దానిని పచ్చిగా, అయినకాడికి అమ్ముకోక తప్పని స్థితిలో, నెలల తరబడి మాగబెట్టే ఖర్చును ఎవరు భరించాలో ఏ పథకమూ చెప్పడం లేదు.