అనుమతింపదగని బేరము

బీట్స్ హెడ్‌ఫోనుల సంస్థను 300 కోట్ల డాలర్లకు కొనుచున్నామని 2014 మే 28వ తేదీన ఆపిల్ కంపెనీ ప్రకటించినప్పుడు లోకము ఆ వార్తను చాలవరకు వినోదముగానే స్వీకరించినది. డాక్టర్ డ్రే అను ర్యాప్ గాయకుడు ఒక్క సంతకముతో అపర కుబేరుడగుట, రహస్యముగా నుంచవలసిన ఆ బేరమును అధికార ప్రకటనకు ముందే అతని మిత్రుడొకడు వీడియో తీసి బయటపెట్టుట, ఇట్టి ముచ్చట్లకు దొరికిన తావు, ఈ క్రయమువలన సంగీతవ్యాపారమున ఎవరి చేతికి ఏమి చిక్కుచున్నదను ప్రశ్నకు దొరకలేదు. ఆ ప్రశ్న నడుగుటకే నియుక్తమైన ఐరోపా కమిషన్ సైతము జులై మాసాంతమున ఏ షరతును విధింపక అనుమతి నొసగినది. ఆగస్టు ఆరంభమునకు క్రయము ముగిసినది. ఆ యనుమతి పొరపాటని మా నిశ్చితాభిప్రాయము. దశాబ్దము గడచిన పిమ్మట దానిని తవ్వుట యెందులకన్నచో, ఆ పొరపాటు చేయించిన చూపే నేటికిని, మన చట్టములో కూడ, మిగిలియున్నది గనుక.

బీట్స్ చరిత్ర చిన్నదే గాని చిత్రమైనది. ఇంటర్‌స్కోప్ రికార్డుల కంపెనీకి అధిపతియైన జిమ్మీ అయొవీన్, డాక్టర్ డ్రే కలసి 2006లో దానిని స్థాపించిరి. 2008లో తొలి హెడ్‌ఫోనులు అంగళ్ళకు వచ్చినవి. కేబుళ్ళ వ్యాపారమున పేరుపడిన మాన్‌స్టర్ అను కంపెనీ వానిని తయారుచేసి యిచ్చినది. మంద్రస్వరముల మ్రోత మితిమీరినదని, ఆ ధరకు అంతకంటె మేలైనవి దొరకునని ధ్వని సంగతి తెలిసినవారు పెదవి విరిచిరి. ఆ విమర్శలో నిజము లేకపోలేదు. ఐనను 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో పందెమునకు నడచివచ్చు ఈతగాండ్ర చెవులపై లోకమంతయు చూచిన ఆ గుర్తు ముందు పండితుల విమర్శ నిలువలేదు. వినుటకు కొను వస్తువును ధరించుటకు కొను వస్తువుగా మార్చుటలో ఆ యిరువురు చూపిన నేర్పు సామాన్యమైనది కాదు. చెవినుండి తెల్లని తీగ వ్రేలాడుటయే నాగరికతా చిహ్నమని ఏండ్లతరబడి చాటిన ఆపిల్ కంపెనీయే చివరకు ఆ నేర్పునకు మూల్యము చెల్లించుకొనవలసివచ్చుట ఒక వింత.

ఆ మూల్యమును గూర్చి కొంత విచారింపవలసియున్నది. తైవాన్‌కు చెందిన హెచ్‌టీసీ కంపెనీ 2011లో బీట్స్‌నందు సగమునకు పైబడిన వాటాను సుమారు 30 కోట్ల డాలర్లకు కొని, రెండేండ్లలో రెండు విడతలుగా తిరిగి యమ్మివేసెను. 2013 సెప్టెంబరులో కార్లైల్ అను పెట్టుబడి సంస్థ 50 కోట్ల డాలర్లు పెట్టినప్పుడు బీట్స్ విలువ 100 కోట్లకు పైమాట యని లెక్కగట్టిరి. ఎనిమిది మాసములు గడచునప్పటికి ఆపిల్ దానికి సుమారు మూడు రెట్లు ఇచ్చుట కొప్పుకొన్నది: 260 కోట్లు క్రయధనముగా, తక్కిన 40 కోట్లు కాలక్రమమున. స్టీవ్ జాబ్స్‌ను మరల ఆ గూటికి చేర్చిన నెక్స్ట్ కంపెనీ క్రయమునకు 1996లో ఒప్పుకొన్న వెల 40 కోట్ల డాలర్ల ప్రాంతమే. డాలరు డాలరును లెక్కించి వెచ్చించు కంపెనీ ఇంతటి యౌదార్యము చూపినదన్నచో, అది రంగురంగుల ప్లాస్టిక్ వలయములపై మోజుతో కాదని గ్రహించుటకు అర్థశాస్త్ర పాండిత్యమక్కఱలేదు.

2003లో ఐట్యూన్స్ అంగడిని తెరచినది మొదలు ఆపిల్ ఒక్కొక్క పాటను విడిగా అమ్మి లాభించినది. జనులు సంగీతమును సొంతము చేసికొన గోరుదురే గాని అద్దెకు తీసికొనరని జాబ్స్ వాదించుచుండెను. కాని 2013లో, ఆ యంగడి పుట్టిన తరువాత మొట్టమొదటిసారిగా, అమెరికాలో డౌన్‌లోడు పాటల అమ్మకములు తగ్గినవి. స్వీడన్‌లో పుట్టిన స్పాటిఫై వంటి చందాసేవలు నానాటికి పెరుగుచుండెను. అదే తరుణమున, 2014 జనవరిలో, మాగ్ అను సేవను కొని దాని పునాదిపై బీట్స్ సంస్థ కట్టిన బీట్స్ మ్యూజిక్ వెలువడినది. దాని చందాదారుల సంఖ్య లెక్కింపదగినంతది కాదు. ఐనను ఆ సేవతోపాటు, రికార్డు కంపెనీల లోగిళ్ళలో నాలుగు దశాబ్దములు మెలగిన అయొవీన్ పరిచయములును ఆపిల్‌కు చిక్కినవి. 2015 జూన్ 30న నూఱు దేశములకు పైగా ఆపిల్ మ్యూజిక్ ప్రారంభమయ్యెను. ఆ నవంబరు కడపటికి బీట్స్ మ్యూజిక్ మూతపడెను. కొన్న విత్తనమే మొక్కయైనది.

ఇక ఐరోపా కమిషన్ ఆనాడు చూచిన దేమి? హెడ్‌ఫోనుల వ్యాపారమున ఇరువురి వాటాలు కలిపినను స్వల్పమే, బోస్, సోనీ, సెన్‌హైజర్ వంటి పోటీదారులు కలరు. సంగీతసేవలలో స్పాటిఫై, డీజర్ మొదలగునవి కలవు, బీట్స్ మ్యూజిక్ ఐరోపాలో అడుగైనను పెట్టలేదు. కావున పోటీకి భంగము లేదు. ఈ లెక్కలో ఒక్క అంకెయు తప్పు కాదు, లెక్కకు తీసికొన్న వస్తువు మాత్రము తప్పు. సంతలో ఆశీలు వసూలు చేయు గుత్తదారుడే ఆ సంతలో ఒక దుకాణమును కొనుచుండగా, ఆ దుకాణపు దినవారీ అమ్మకమెంత యని యడిగి, స్వల్పమని విని, తృప్తుడై వెడలిపోవు నధికారి కనిపెట్టగలిగినదేమి? విచారింపవలసినది దుకాణపు పరిమాణమును గాదు, గుత్తదారుని చేతిలోని రసీదు పుస్తకమును.

జరిగినదియు నదియే. ఐఫోనులోనికి ఏ యాప్ చేరవలెనన్నను ఆపిల్ తెరచిన వాకిలి తప్ప వేఱు త్రోవ లేకుండెను; ఆ యాప్ లోపలనే చందా కట్టించుకొన్నచో నూటికి 30 వంతులు ఆపిల్‌కు సమర్పింపవలసియుండెను. ఆ భారమున ఐరోపాలో స్పాటిఫై 9.99 యూరోల చందా ఐఫోను యాప్‌లో 12.99 అయ్యెను. ఆపిల్ మ్యూజిక్ చందా 9.99గనే యుండెను, తనకు తాను ఆశీలు కట్టుకొను గుత్తదారు డెందును లేడు గదా. ఇంతకంటె విపరీతమైన నిబంధన మఱియొకటి యుండెను. యాప్‌లో గాక బయట తమ వెబ్‌సైటులో కట్టినచో చౌక యని వినియోగదారునికి యాప్ లోపల తెలుపుటకైనను పోటీదారులకు అనుమతి లేకుండెను. ధర పెంచుట యొక యెత్తు, పెరిగినదని చెప్పుకొననీయకుండుట మఱియొక యెత్తు. ఈ రెండవది మాకు మొదటిదానికంటె హేయముగా తోచుచున్నది. 2019లో స్పాటిఫై ఫిర్యాదు చేయగా, 2024 మార్చిలో ఐరోపా కమిషన్ ఆ నిషేధము చట్టవిరుద్ధమని తేల్చి, అది దాదాపు పదేండ్లు సాగినదని పేర్కొని, 180 కోట్ల యూరోలకు పైబడిన జరిమానా విధించినది. ఆ జరిమానా బీట్స్ క్రయమునకు గాదని, దుకాణపు నిబంధనలకని మేమెఱుగుదుము. ఆ నిబంధనలు బీట్స్ క్రయమునకు ముందే పుట్టినవి కూడ. ఐనను తనకు సంగీతసేవ లేనంతకాలము అవి వట్టి ధనాశ. తనకును ఒక సేవ యేర్పడిన క్షణమున అవియే పోటీదారుని కంఠముపై కత్తులైనవి. 2014లో ముద్రవేసి పంపినవారే 2024లో దోషనిర్ణయము చేయవలసివచ్చినది.

హెడ్‌ఫోనుల విషయమునను ఈ తీరే కనబడును. 2016 సెప్టెంబరులో వెలువడిన ఐఫోన్ 7కు హెడ్‌ఫోను తీగను గ్రుచ్చు రంధ్రము లేదు. ఆ వేదికపైననే తీగలేని ఎయిర్‌పాడ్స్‌ను, డబ్ల్యూ1 అను సొంత చిప్ అమర్చిన క్రొత్త బీట్స్ హెడ్‌ఫోనులను ఆపిల్ ప్రకటించినది. ఐఫోను ప్రక్కకు తెచ్చినంతనే జతకూడు సదుపాయము ఆ చిప్ గలవానికి దక్కినది. తక్కినవారు బ్లూటూత్‌తో తంటాలు పడవలసినదే. రంధ్రమును మూయుట సాంకేతికముగా సమంజసమే కావచ్చును; మొదట పరిహసించిన పోటీ కంపెనీలు పిదప తామును మూసికొన్నవి. పాత దారిని మూయువాడును, క్రొత్త దారికి కావలసిన సరకు నమ్మువాడును ఒక్కడే యగుట మా యభ్యంతరము.

ఆపిల్ పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. ఇంత జరిగినను ఐరోపాలో స్పాటిఫైయే యగ్రస్థానమున నున్నదని ఆ కంపెనీ వాదించుచున్నది, అది నిజమే. కాని కొట్టబడినవాడు బ్రతికియున్నాడు గనుక దెబ్బ తగులలేదనుట న్యాయవాది నేర్పగును గాని న్యాయము కాదు. పెరిగిన మూడు యూరోలను నెలనెలా కట్టిన చందాదారు లెవరి నడుగవలెను? కళాకారులకు మేలు జరిగినదను మాటయు వినబడుచున్నది. ఆపిల్ మ్యూజిక్ ఆరంభమున శ్రోతల కిచ్చు మూడు నెలల ఉచిత కాలమునకు గాయకుల కేమియు చెల్లింపరాదని ఆ కంపెనీ తలచినది; టేలర్ స్విఫ్ట్ బహిరంగలేఖ వ్రాయగా ఒక్క దినములో నిర్ణయము మార్చుకొన్నది. దీనిని కంపెనీ సహృదయతకు సాక్ష్యముగా కొందఱు చెప్పుదురు. కోట్లాది శ్రోతలు గల తార వ్రాసినందున మాఱిన నిర్ణయము, ఊరు పేరు లేని గాయని వ్రాసినచో మాఱియుండెడిదా?

ఇదంతయు ఐరోపా గొడవ యని మన పాఠకు లుపేక్షింపరాదు. తెలుగు ఇండ్లలో సంగీతమనగా నేడు చాలవరకు ఫోనులో మ్రోగు సినిమా పాటయే. 2018లో రిలయన్స్ జియో తన సంగీతసేవతో సావన్ అను సేవను కలుపుకొన్నది. 2024 ఆగస్టులో ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసివేయ నిశ్చయించి, ఆపిల్ మ్యూజిక్‌ను తన ఖాతాదారుల కందించుటకు ఆపిల్‌తో ఒడంబడిక చేసికొన్నది. రంగారెడ్డి జిల్లా కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారము ఎయిర్‌పాడ్స్ తయారీకి పూనుకొన్నది. అచ్చటి ఉద్యోగములు మాకును ప్రియమే. ఐనను కర్మాగారము మా గడ్డపై నున్నదను మొగమాటము చట్టములోనికి చొరబడరాదు.

ఆ చట్టము సంగతి: 2023లో సవరింపబడి 2024 సెప్టెంబరు 10 నుండి అమలుపడిన నిబంధన ప్రకారము, 2,000 కోట్ల రూపాయలకు మించిన క్రయములను, అమ్ముడుపోవు సంస్థ ఆస్తులు, అమ్మకములు స్వల్పమైనను, మన కాంపిటిషన్ కమిషన్ పరీక్షింపవచ్చును. ఇది స్వాగతింపదగిన సవరణ. కాని అందొక కంత కలదు. అమ్ముడుపోవు సంస్థకు మన దేశమున గణనీయమైన వ్యాపార ముండవలెను. డిజిటల్ సేవకైనచో దాని వాడుకదారులలో పదవ వంతైనను ఇచ్చటివారై యుండవలె ననునది అందొక కొలబద్ద. విదేశమున నిన్ననో మొన్ననో పుట్టి, ఇంకను మన తీరము చేరని సేవను ఒక మహాసంస్థ కొని, మఱునాడు మన ఫోనులన్నిటిలోనికి నెట్టినచో ఈ కొలబద్ద కది చిక్కదు. బీట్స్ మ్యూజిక్ తమ గడ్డపై లేదను కారణమున ఐరోపావారు మోసపోయిన త్రోవ యిదియే.

డిజిటల్ పోటీ చట్టమునకు కేంద్ర ప్రభుత్వ సంఘము సిద్ధపఱచిన ముసాయిదా, ఐరోపా జరిమానా వెలువడిన ఆ 2024 మార్చిలోనే ప్రజల ముందునకు వచ్చినది; ఇంకను చట్టము కాలేదు. జాప్యమును మాని ప్రభుత్వము దానిని పార్లమెంటులో ప్రవేశపెట్టవలెను. అందు ఈ నియమమును చేర్చవలెను: ఇతరులు సరకు అమ్ముకొనుటకు తప్పక వాడవలసిన వేదిక ఎవరి స్వాధీనమున నున్నదో, వారు ఆ వేదికపై నమ్ముకొనువారికి పోటీయగు సంస్థను, అది ఎంత చిన్నదైనను, ఏ దేశమున పుట్టినదైనను కొనదలచినచో, ముందుగా అనుమతి పొందవలెను, ఆ క్రయమువలన పోటీకి హాని లేదని నిరూపించు భారము కొనువానిపైననే యుండవలెను, నిరూపింపజాలనిచో కమిషన్ ఆ బేరమును నిరాకరింపవలెను.