మోటారు వేడెక్కితే – ఒక తెలుగు పలక

మోటారు వేడెక్కి ఆగిపోతే మనవారు చేసే మొదటి పని రీసెట్ బొత్తాము నొక్కడం. మళ్ళీ ఆగితే ఓవర్‌లోడు రిలే ముల్లును కొంచెం పైకి తిప్పడం. దొంగ వచ్చాడని మొరిగిన కుక్క నోరు కట్టివేయడం వంటిదే ఈ రెండవ పని.

తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకని మిత్రులు అడుగవచ్చు. ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గు గనులు, పాల్వంచ విద్యుత్కేంద్రం, గోదావరి ఒడ్డున సారపాక కాగితపు మిల్లు – వీటి నడుమ ఊళ్ళలోనే నేను పాఠాలు చెప్పాను. నా శిష్యులలో పలువురు యంత్రాల పక్కనే నిలబడి బతుకుతున్నారు.

నేడు చాలా మోటార్లు డ్రైవుల మీద నడుస్తాయి. విద్యుత్తు పౌనఃపున్యాన్ని మార్చి డ్రైవు వేగాన్ని అదుపు చేస్తుంది. వేగం తగ్గితే మోటారు ఇరుసుకు బిగించిన ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. పంపుకైతే వేగంతోపాటు భారమూ తగ్గుతుంది కనుక చిక్కు తక్కువ. కన్వేయరుకు అలా కాదు. మోయవలసిన బరువు అంతే ఉంటుంది, చల్లబరిచే గాలి మాత్రం తగ్గుతుంది. అటువంటిచోట విడిగా తిరిగే ఫ్యాను పెట్టవలసిందే.

డ్రైవుకూ తాపం ఉంది. సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు దాని సామర్థ్యాన్ని లెక్కగడతారు. మా ప్రాంతంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం వింత కాదు. దానికి తోడు ప్యానెలు జల్లెడకు బొగ్గు దుమ్మో కాగితపు నూగో పట్టిందంటే చెప్పనక్కరలేదు. హద్దు దాటిన ప్రతి పది డిగ్రీలకూ వైండింగు ఇన్సులేషను ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క.

ఇదంతా డ్రైవుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, కాని ఇంగ్లీషులో. ఆ పుస్తకం ఉండేది అధికారి బీరువాలో. అర్ధరాత్రి షిఫ్టులో యంత్రం ఎదుట నిలబడేవాడు వేరు. నా వాదం ఇంతే: ప్రతి ప్యానెలు తలుపు మీద ఒక తెలుగు పలక ఉండాలి.

మూడు ఫేజులలో కరెంటు సమానంగా ఉందా? బరువు పెరిగిందా, బేరింగు బిగిసిందా? ఫ్యాను తిరుగుతోందా, జల్లెడ శుభ్రంగా ఉందా? చాలాసేపటినుండి తక్కువ వేగంలో నడుస్తోందా?

అన్నిటికన్నా పైన, ఎర్ర అక్షరాలలో: కరెంటు తీసిన తరువాత కూడా డ్రైవు లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది, తయారీదారు చెప్పినంత సేపు ఆగి, మీటరుతో చూచిన తరువాతే చేయి పెట్టాలి. ఈ ఒక్క వాక్యం చదవలేకపోవడం వల్ల ఒక మనిషి పోకూడదు.

తెలుగులో సాంకేతిక పదాలు లేవనేవారికి ఒక మాట. పండితుణ్ణయినా ‘పరివర్తిత పౌనఃపున్య చాలకం’ వంటి సమాసాన్ని నేను కోరను. ఫేజు, వైండింగు, బేరింగు కార్మికుల నోట ఏనాడో తెలుగు మాటలైనాయి. కావలసినది పదకోశం కాదు, నాలుగు తిన్నని వాక్యాలు.

కర్మాగారాలలో పనిచేసే మిత్రులు మీలో ఉన్నారు. కథలూ కవితలూ రాసే చేతితోనే ఈ పలకనూ రాయండి. తప్పొప్పులు దిద్దే పని నాది.