తుప్పే కదా అని వదిలేస్తే.. కోనసీమ ‘నగరం’ చెప్పిన లెక్క ఇదీ!

2014 జూన్ 27. కోనసీమలోని నగరం అనే ఊరు ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. తాటిపాక వైపు నుంచి వెళ్లే గెయిల్ పైప్‌లైన్‌ లీకై గ్యాస్ ఊరంతా కమ్ముకుంది. ఎక్కడో నిప్పు తగిలింది. అంతే.. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరి చెట్లు కాలి బూడిదయ్యాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఇంతకీ కారణం ఏంటి? విచారణలో తేలింది.. తుప్పు.

ఆ లైన్ వేసింది పొడి గ్యాస్ కోసం. కానీ వెళ్లింది తేమ ఉన్న గ్యాస్. అందులోని కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిస్తే ఆమ్లంగా మారి ఉక్కును లోపలి నుంచే తినేస్తుంది. పైపుకి బయట పూత వేస్తారు, స్వల్పంగా కరెంటు పంపి తుప్పు పట్టకుండా చూస్తారు. ఆ రెండూ కాపాడేది బయటి వైపునే. లోపల గోడ పలచబడుతుంటే, పైన నడిచే జనానికి ఎలా తెలుస్తుంది చెప్పండి?

తెలుసుకునే దారి లేదా అంటే ఉంది. ‘పిగ్’ అనే పరికరాన్ని పైపులోకి వదిలితే నీరు, మురికి ఊడ్చుకొస్తుంది. స్మార్ట్ పిగ్ అయితే గోడ ఎక్కడ ఎంత అరిగిందో కొలిచి చెప్తుంది. గ్యాస్‌లో తేమను ముందే తీసేసే యూనిట్ పెట్టొచ్చు. వీటన్నిటికీ డబ్బులవుతాయి. ఆ ఖర్చు ఈ ఏడాది బడ్జెట్‌లోనే కనిపిస్తుంది. తప్పిపోయిన ప్రమాదం మాత్రం ఏ పద్దులోనూ కనిపించదు. అందుకే పొదుపు అనగానే ముందు కోత పడేది మెయింటెనెన్స్‌కే.

నిజానికి ఇది పొదుపు కానే కాదు. తుప్పు నివారణ నిపుణుల అంతర్జాతీయ సంస్థ నేస్ 2016లో ఇచ్చిన అంచనా చూడండి. ప్రపంచానికి తుప్పు వల్ల ఏటా 2.5 లక్షల కోట్ల డాలర్ల భారం. అంటే ప్రపంచ జీడీపీలో 3.4 శాతం. మన దేశంలో అయితే 4.2 శాతం! ఇప్పటికే చేతిలో ఉన్న పద్ధతులు సరిగ్గా వాడితే ఇందులో 15 నుంచి 35 శాతం మిగులుతుందని అదే నివేదిక చెప్పింది.

ఇంకో మాట. ప్రాణనష్టం, పర్యావరణ నష్టం ఈ లెక్కలో లేవు. నగరంలో పోయిన ప్రాణాల్లాంటివి ఆ 2.5 లక్షల కోట్లకు బయటే ఉన్నాయన్నమాట.

కోనసీమలో పొలాల కింద, ఇళ్ల పక్కన ఇప్పటికీ గ్యాస్ లైన్లు ఉన్నాయి. చివరిసారి స్మార్ట్ పిగ్ ఎప్పుడు పంపారు, పైపు గోడ ఎంత మిగిలింది.. ఈ రెండు వివరాలు గ్రామసభలో అడిగిన వెంటనే చెప్పేలా ఉండాలి.