ప్రజాపతి యజ్ఞము, క్రీస్తు బలి: సమన్వయమా, సంకరమా?

జిజ్ఞాసువులారా,

వేదములయందే క్రీస్తు చెప్పబడెనను వాదము నేడు తెలుగునాట కరపత్రములలోను, ఉపన్యాసములలోను విస్తారముగ వినవచ్చుచున్నది. తిరువూరు ప్రాంతమున వినగడప వంటి పల్లెలలో గుడికి పోవువారును చర్చికి పోవువారును ఇరుగుపొరుగుల నుందురు. ఒకరి శుభకార్యమున కొకరు పోవుదురు. అచటి సామాన్యునకు "మీ ఋగ్వేదమే మా ప్రభువును చెప్పినది" అను మాట చుట్టరికపు మాటవలె వినబడును. కనుకనే దానిని జాగరూకతతో పరీక్షింపవలెను. క్రీస్తును ఆరాధించువారి భక్తిని ఈ వ్యాసము ప్రశ్నింపదు. ఆ భక్తికి వేదమును సాక్షిగ నిలుపుటను మాత్రమే ప్రశ్నించును.

పూర్వపక్షము

వారి వాదమిది: పురుషసూక్తమున పురుషుడు హవిస్సాయెను, బ్రాహ్మణములలో ప్రజాపతియే యజ్ఞమని చెప్పబడెను, సృష్టికర్త తన్ను తాను బలిగ నర్పించుకొనుట క్రీస్తునందే నెరవేరెను, కావున ప్రజాపతి యనగా క్రీస్తే. యాగపశువును స్తంభమునకు కట్టుట, దాని రక్తము చిందుట మున్నగునవి సిలువ మరణమునకు సూచనలని కొందరు జాబితాలు గూడ కూర్చిరి.

ఇది నూతన వాదము కాదు. వంగదేశమున బ్రాహ్మణ కులమున జన్మించి క్రైస్తవము స్వీకరించిన కృష్ణమోహన్ బెనర్జీ (1813–1885) తన 1875 నాటి ఆంగ్ల గ్రంథమున దీనిని విపులముగ ప్రతిపాదించెను. ఆయన పండితుడు, ఆయన వాదమున ఒక జిజ్ఞాస యున్నది. అంతకు మునుపే మరియొక మార్గము త్రొక్కినవారును కలరు. "ఎజూర్వేదము" అను గ్రంథము ప్రాచీన వేదభాష్యమను పేర 1760లో ఫ్రెంచి తత్త్వవేత్త వోల్టేరు చేతికి చేరి, 1778లో అచ్చయ్యెను. అది క్రైస్తవ ప్రచారకుల రచనయని పుదుచ్చేరిలోని వ్రాతప్రతులను పరిశీలించి నిరూపించినవాడు ఎవరు? తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో చాటిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు దొరయే. ఆయన వ్యాసము ఆయన మరణానంతరము 1822లో వెలువడెను. సత్యమునకు మతభేదము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

పరీక్ష

వాక్యతాత్పర్యమును నిర్ణయించుటకు మన పూర్వులు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అను షడ్లింగములను చెప్పిరి. ఋగ్వేద దశమ మండలమున తొంబదవదగు పురుషసూక్తమును వీనితో చూడుడు. ఉపక్రమమున విశ్వమంతయు నిండి, దానిని దాటి నిలిచిన పురుషుడు. ఫలము సృష్టి: మనస్సునుండి చంద్రుడు, చక్షువునుండి సూర్యుడు. ఉపసంహారమున యజ్ఞమే ప్రథమ ధర్మమగుట. పదునారు ఋక్కులలో ఎచటను ఆదిమానవుని పాపము లేదు, తీర్పవలసిన ఋణము లేదు, విమోచన క్రయధనము లేదు. ఆ యజ్ఞము సృష్ట్యాదిని జరిగినది; చెడిన సృష్టిని బాగుచేయుటకు చేసినది కాదు.

ప్రజాపతి విషయమును అట్లే. శతపథ బ్రాహ్మణమున ప్రజాపతి ప్రజలను సృజించి, సంధులు సడలి శిథిలుడగును. అగ్నిచయనము చేయు యజమానుడు ఆయనను తిరిగి కూర్చును. ఇచట మానవుని కర్మ దేవుని నిలుపుచున్నది. క్రైస్తవ సిద్ధాంతమున దేవుని కర్మ మానవుని నిలుపుచున్నది. రెండును గంభీరములే, కాని పరస్పర విపరీతములు.

ఇక జాబితాల మాట. యూపబంధనము పశుయాగములకు విహితమైన విధి. విధి భవిష్యద్వాణి కాదు. పైగా వైదిక యాగమున పశువును ఊపిరి బిగియబట్టి సంజ్ఞపనము చేయుదురు, రక్తము చిందింపరు. ఆ రక్తము రాక్షసుల భాగమని ఐతరేయ బ్రాహ్మణమే చెప్పును. హెబ్రీయులకు వ్రాసిన పత్రికయో, రక్తము చిందనిదే క్షమాపణ లేదని బోధించును. ఒకచోట రక్తము పరిత్యాజ్యము, మరియొకచోట రక్తమే సాధనము. ఈ రెంటిని ఒకటి యనుట ఉభయ గ్రంథములకును అన్యాయము.

ప్రాయశ్చిత్తమును పదమును చూడుడు. తెలుగు బైబిలు ఈ పదమును మన ధర్మశాస్త్రములనుండియే గ్రహించినది. కాని ధర్మశాస్త్రమున దోషము చేసినవాడే ప్రాయశ్చిత్తము చేయును. ఒకడు చేసిన దోషమునకు మరియొకడు ఫలమనుభవించినచో కృతనాశము, అకృతాభ్యాగమము అను దోషద్వయము కలుగును. "మీ మతమున కృప లేదా?" యని వారడుగవచ్చును. కలదు. అదే గంపలగూడెం మండలములోని నెమలిలో వేణుగోపాలస్వామి యెదుట శరణన్న భక్తుడు కృపనే యాచించును. రామానుజ సంప్రదాయమున శరణాగతి కృపయే. అయితే ఆ కృపకు మూల్యము చెల్లింపబడదు. క్షమింప సమర్థుడైన ఈశ్వరుడు క్షమించుటకు ముందు ఒక మరణమును ఏల కోరవలెను? ఈ ప్రశ్నకు క్రైస్తవ ఆచార్యులలోనే ఏకవాక్యత లేదు. సైతానునకు చెల్లించిన క్రయధనమని ఓరిజెను, దైవగౌరవమునకు పరిహారమని పదునొకండవ శతాబ్దమున ఆన్సెల్ము, హృదయమును కరగించు ప్రేమనిదర్శనమని పండ్రెండవ శతాబ్దమున అబెలార్డు చెప్పిరి. తమలో తేలని తాత్పర్యమును వేదము ముందే తేల్చెననుట సాహసము.

మనవారి ప్రమాదము

న్యాయము ఇరువైపుల సమముగ నుండవలెను. "క్రీస్తు గూడ ఒక అవతారమే" యని మనవారు ఉదారముగ పలుకుదురు. ఇదియు సంకరమే. గీతలోని అవతారము యుగయుగమున పునరావృత్తము. భగవానుడు దేహవంతునివలె, జన్మించినవానివలె తోచునని శంకరుల భాష్యాభిప్రాయము. క్రీస్తు పూర్ణదైవము, పూర్ణమానవుడు నని 451లో కాల్సిడోను మహాసభ నిశ్చయించినది. ఆయన నరత్వము తోచునది మాత్రమే యనుటను వారు అపసిద్ధాంతముగ త్రోసివేసిరి. ఆయన రాక ఏకైకము, అపునరావృత్తము. భవిష్యపురాణమున ఈశాపుత్రుని కథ కలదని మురియువారును కలరు. అది యున్న ప్రతిసర్గపర్వమున మొగలాయిల, ఆంగ్లేయుల ప్రసంగములును ఉన్నవి. అట్టి ఖండమును ప్రాచీన ప్రమాణముగ గైకొనరాదు. ప్రతివాదికి నిషేధించిన ఆయుధమును మనము పట్టరాదు.

సిద్ధాంతము

క్రీస్తును బోధింపదలచినవారు సువార్తలనుండి, పౌలు పత్రికలనుండి బోధింతురు గాక. కొండమీది ప్రసంగము మన ఋక్కుల ఆధారమును కోరదు. విని అంగీకరించువాడు దేనిని అంగీకరించుచున్నాడో ఎరిగి అంగీకరించును. నిరాకరించువాడును ఎరిగియే నిరాకరించును. వేదనామముతో చెప్పినచో, వినువాడు తన యింటి ద్వారమని తలచి పరుని యింట ప్రవేశించును. అది మతస్వీకారము కాదు, భ్రాంతి.

సాధకులారా, మీ కర్తవ్యమును స్పష్టము. మీ గ్రామమున పురుషసూక్తమును అభిషేకవేళ వినుటతో తృప్తి పొందకుడు. దాని పదునారు ఋక్కుల అర్థమును పిల్లలకు తెలుగున చెప్పుడు. అర్థమెరుగని సూక్తమునకు ఎవరేమి యర్థము చెప్పినను చెల్లును. పొరుగువాని సువార్తను గూడ ఒకసారి శ్రద్ధగ చదువుడు. పూర్వపక్షమును దాని బలముతో ఎరుగనివాడు సిద్ధాంతి కాజాలడు.

ఓం తత్సత్.