ఫోన్ కొండెక్కే పది రోజులు

ప్రొడక్షన్ రిలీజ్ అయిన మర్నాడు మా టీమ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఇవన్నీ వదిలేసి హిమాలయాలకి పోవాలి బ్రో." దానికి రెండు నవ్వు ఎమోజీలు, మంచు కొండల రీలు ఒకటి, అంతే. పదిన్నరకి మళ్లీ స్టాండప్ కాల్. కానీ ఈ మధ్య ఆ మాటని నిజంగానే పట్టుకున్నవాళ్లు కనిపిస్తున్నారు. మొన్న ఒక్క నెలలోనే ముగ్గురు అడిగారు నన్ను. ఎక్కడికెళ్లాలి, ఎంతవుతుంది, లీవులు ఎన్ని పెట్టాలి అని. ముగ్గురిలో ఒక్కరు కూడా "అక్కడ ఫోన్ సంగతేంటి?" అని అడగలేదు. ప్లానంతా దాని చుట్టూనే తిరుగుతుందండీ.

నన్నే ఎందుకు అడిగారంటే, నేనూ అవే లెక్కల్లో ఉన్నాను. రాజమండ్రిలో ఇంటి నుంచే ఉద్యోగం, వారం విడిచి వారం ఆన్‌కాల్, రాత్రి రెండింటికి అలర్ట్ మోగితే లేచి కూర్చోవడం. మోగకపోయినా లేచి చూసుకోవడం కూడా మొదలయ్యాక, ఉగాది వెళ్లిన వారంలో లాప్‌టాప్‌లో 'కొండలు' అని ఒక ఎక్సెల్ షీటు తెరిచాను. ఇప్పటికి నాలుగు ట్యాబులైంది అది.

ముందు ఒక గందరగోళం తీరాలి. మారేడుమిల్లి వెళ్లి బొంగు చికెన్ తిని, వాగులో కాళ్లు పెట్టుకుని రావడం రిట్రీట్ కాదు. అది పిక్నిక్, దాని సుఖం దానిది. కేదారనాథ్, బదరీనాథ్ వెళ్లడం యాత్ర. అందులో రోజూ ఎక్కడో ఒకచోటికి కదులుతూనే ఉంటాం, దర్శనం క్యూ ఎంతుందో చూసుకుంటాం. రిట్రీట్ అంటే ఒకచోట కూర్చోవడం. మన టైమ్‌టేబుల్ తీసి పక్కన పెట్టి, వాళ్ల టైమ్‌టేబుల్లోకి వెళ్లడం. అందుకే ఫోటోలు చూసి చోటు ఎంచుకోకండి. ఆ చోటు రూల్స్ చదివి ఎంచుకోండి. కొండ ఎక్కడైనా కొండే. రూల్సే వేరు.

ఉదాహరణకి హిమాచల్‌లో ధరమ్‌శాల పైన మెక్లియోడ్‌గంజ్, దానికీ పైన ధరమ్‌కోట్ అని చిన్న ఊరు. దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తు, చుట్టూ దేవదారు చెట్లు. అక్కడ పక్కపక్కనే రెండు కేంద్రాలున్నాయి. ఒకటి తుషిత. 1972లో లామా థుబ్తెన్ యేషే పెట్టిన టిబెటన్ బౌద్ధ కేంద్రం. అక్కడి పరిచయ కోర్సుల్లో ఎక్కువసేపు మౌనమే అయినా క్లాసులుంటాయి, చర్చ ఉంటుంది, ప్రశ్నలు అడగొచ్చు. రెండోది ధమ్మ శిఖర, ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో నడిచే విపశ్యన కేంద్రం. గోయెంకా బర్మాలో మాండలేలో 1924లో పుట్టారు, 1969లో ఇండియాలో ఈ కోర్సులు మొదలుపెట్టారు, 2013లో పోయారు. ఇక్కడ చర్చలుండవు. పది రోజులు మౌనం. ఎదురుపడినవాళ్ల కళ్లలోకి చూసి పలకరింపుగా నవ్వడం కూడా లేదు. సందేహముంటే టీచర్ని అడగొచ్చు, వసతి ఇబ్బందులేమైనా ఉంటే వాలంటీర్లకి చెప్పొచ్చు. అంతే.

పొద్దున్న నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నర నుంచి ధ్యానం. ఆరున్నరకి టిఫిను, పదకొండింటికి భోజనం. సాయంత్రం ఐదింటికి కొత్తవాళ్లకి టీ, పండో ఏదో కాస్త. ఇక రాత్రి భోజనం లేదు. మొత్తం రోజుకి పది గంటల పైచిలుకు కూర్చోవడమే. రాత్రి తొమ్మిదిన్నరకి లైట్లు ఆర్పేస్తారు. ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ మొదటి రోజే అప్పజెప్పాలి. పెన్ను కూడానా అని నేనూ అనుకున్నాను. రాసుకోవడం మొదలుపెడితే మనసుకి మళ్లీ ఒక పని దొరికినట్టే కదా, అందుకని.

కోర్సుకి ఫీజు లేదు. పూర్తి చేసినవాళ్లు ఇవ్వాలనిపిస్తే ఇచ్చే విరాళంతోనే నడుస్తుంది. అంటే మన ఖర్చంతా ప్రయాణానిదీ స్వెట్టర్లదీ.

ప్రయాణం లెక్క చూద్దాం. రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీకి ముప్ఫై గంటల పైనే. అక్కడి నుంచి ధరమ్‌శాలకి రాత్రంతా బస్సు. ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి తెల్లవారుతుంది, అల్లం మురబ్బా జేబులో ఉంచుకోండి. మెక్లియోడ్‌గంజ్ నుంచి పైకి బ్యాగు మోసుకుంటూ ఎక్కడం కూడా ఉంటుంది, డెల్టాలో పుట్టినవాళ్లం కదా, గోదారి గట్టు తప్ప ఎత్తు ఎరగం. పది రోజుల కోర్సుకి వెళ్లే రోజు, వచ్చే రోజు కలిపితే పన్నెండు తేదీలు. రానూపోనూ, మధ్యలో ఒక రోజు విశ్రాంతి, అన్నీ కలిపి ఇంకో ఆరు. పద్దెనిమిది. శనివారం బయల్దేరేలా ఎంత తెలివిగా వేసుకున్నా పన్నెండు లీవులు పోతాయి.

ఇక నెలలు. జూలై, ఆగస్టుల్లో వద్దు. ధరమ్‌శాలలో అప్పుడు కుంభవృష్టి, కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. డిసెంబరు నుంచి చలికి అక్కడ కోర్సులే ఉండవు, మళ్లీ ఏప్రిల్లోనే. మిగిలింది వేసవి, లేదా దసరా తర్వాత. వేసవిలో అందరూ ఎగబడతారు, దరఖాస్తులు తెరిచిన కొన్నాళ్లకే నిండిపోతాయి. దసరా తర్వాత బాగుంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. కానీ అది కార్తీకమాసం! మా అమ్మ కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటుంది, నన్నూ ఉండమంటుంది. విపశ్యన రూలేమో, ఉన్న పది రోజులూ మన పూజలు, జపాలు, ఉపవాసాలు అన్నీ పక్కన పెట్టాలి. దేవుణ్ణి వదిలెయ్యమని కాదు, ఆ పద్ధతిని దేనితోనూ కలపకుండా చూడమని. ఈ ముక్క అమ్మకి మూడుసార్లు చెప్పాను. "కార్తీకంలో దీపం పెట్టకుండా ఏం ధ్యానంరా అది?" అంది. నా ఎక్సెల్ షీటులో ఈ ప్రశ్నకి కాలమ్ లేదు.

మన వాళ్లకి రిట్రీట్ అనే మాట పట్టదు. ఆశ్రమం అంటే పడుతుంది, కానీ వెంటనే సన్యాసం దాకా వెళ్లిపోతారు. "పెళ్లి సంబంధం చూస్తుంటే ఇదేంటి?" అని పిన్ని ఫోను. ఇలాంటప్పుడు మా నాన్నగారు పేరంటాలపల్లి సంగతి ఎత్తారు.

పాపికొండల టూరు వెళ్లినవాళ్లకి తెలుసు. గోదావరి మీద బోటు కొండల మధ్యకి వెళ్లి అక్కడ కాసేపు ఆగుతుంది. మెట్లెక్కితే శివాలయం, శ్రీరామకృష్ణ మునివాటం. దాదాపు వందేళ్ల కిందట బాలానంద స్వామి అక్కడ ఆశ్రమం పెట్టుకున్నారు. అప్పటికి అక్కడికి చేరే దారి గోదారే. మన జిల్లాల్లో కొండల్లోకి వెళ్లి ధ్యానంలో కూర్చోవడం అంటే నాన్నగారి తరానికి గుర్తొచ్చేది అదే. ధరమ్‌కోట్ కాదు.

అయితే ఆ చోటు నాకు ఇంకో సంగతి కూడా నేర్పింది. మనం 'రిమోట్' అనేది ఎవరికో ఊరు. పేరంటాలపల్లి కొండరెడ్ల ఊరు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో ఈ కొండల్లో తిరిగి, 1945లో వాళ్ల మీద ఒక పుస్తకమే తెచ్చారు. కలప, వెదురు వ్యాపారులు అప్పులిచ్చి వాళ్లని ఎలా కట్టిపడేశారో అందులో ఉంది. ఇప్పుడు పోలవరం. ముంపు ప్రాంతమని ఆ మండలాలని 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, కొండరెడ్ల ఊళ్లు ఒక్కొక్కటీ ఖాళీ అవుతూ వచ్చాయి. మనకి ప్రశాంతత కోసం కావలసిన కొండ, వాళ్లకి వదిలి వెళ్లాల్సిన ఇల్లు. బోటు ఆగినప్పుడు వాళ్లు వెదురుతో చేసిన పూలు అమ్ముతారు, బేరమాడకుండా కొనండి. అక్కడ ఉండిపోయి ధ్యానం చేసుకుందామంటే మాత్రం, టూరు బోటు గంట ఆగి మళ్లీ వెనక్కి తిప్పేస్తుంది. ఆన్‌లైన్లో గది బుక్ చేసుకునే చోటు కాదది.

వెళ్లినా గోదారి పోటు మీదున్నప్పుడు వద్దు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో బోటు మునిగి పదుల మంది పోయారు. అప్పుడు నది వరద మీదే ఉంది. కొండలకి వెళ్లే ప్లాన్ ఏదైనా, హిమాలయాలైనా పాపికొండలైనా, 'వాతావరణం బాగోకపోతే మానేస్తాం' అన్న వాక్యం ముందే రాసి పెట్టుకోవాలి. రీఫండ్ రాని టికెట్ కొన్నాం కదా అని వెళ్లిపోకూడదు.

ఇప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడని దగ్గరికి వద్దాం. దరఖాస్తు ఫారంలో ఆరోగ్యం గురించి గట్టిగానే అడుగుతారు. ముఖ్యంగా మానసిక ఆరోగ్యం. ఏమైనా మందులు వాడుతున్నారా, ఇదివరకు చికిత్స తీసుకున్నారా అని. మనవాళ్లలో సగం మంది అక్కడ 'లేదు' అని కొట్టి ముందుకెళ్లిపోతారు, సీటు పోతుందేమోనని. దయచేసి అలా చెయ్యకండి. పది రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా మనసుతో ఒంటరిగా కూర్చోవడం చిన్న పని కాదు. పని ఒత్తిడికి విసుగు రావడం వేరు. నెలల తరబడి నిద్ర లేకపోవడం, గుండె దడ, ఊరికే ఏడుపు రావడం, బతకాలనిపించకపోవడం వేరు. రెండో రకానికి మందు కొండల్లో లేదు. డాక్టరు దగ్గరుంది, లేదా ముందుగా 14416కి ఒక ఫోన్ కాల్ దగ్గరుంది. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులక్కర్లేదు. వాడుతున్న మందులు మాత్రం 'ధ్యానానికి వెళ్తున్నా కదా' అని ఆపకండి. ఫారంలో రాయండి, డాక్టర్ని అడగండి, వెళ్తే వెంట తీసుకెళ్లండి.

నా ఫారంలో ఆ గడి దగ్గర ఇబ్బంది రాలేదు. ఆగింది వేరే చోట. మా నాన్నగారికి రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఆ రాత్రి ఆంబులెన్స్ పిలిచింది నేనే. అక్క బెంగళూరులో ఉంటుంది. అంటే కొడుకు పది రోజులు ఫోనులో దొరకడు అన్న మాట మా ఇంట్లో మామూలు మాట కాదు. కేంద్రం ఆఫీసుకి నంబరుంటుంది, అత్యవసరమైతే ఇంటివాళ్లు దానికి చేస్తే మనకి కబురు అందిస్తారు. బాగానే ఉంది. కానీ ధరమ్‌కోట్‌లో కబురందితే, అక్కడి నుంచి రాజమండ్రి చేరడానికి ఎంతసేపు? విమానమే దొరికినా ఒక రోజు. ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా తగ్గలేదు.

అప్పుడు ఐదో ట్యాబు తెరిచాను. ఏలూరు దాటి చింతలపూడి రోడ్డులో ఓ పదిహేను కిలోమీటర్లు పోతే విజయరాయి. అక్కడ ధమ్మ విజయ అని అదే పద్ధతి కేంద్రం ఉంది. అదే నాలుగింటి గంట, అదే మౌనం, అదే పదకొండింటి భోజనం. కొండ మాత్రం లేదు. దేవదారు లేదు, మంచు లేదు. చుట్టూ పొలాలూ తోటలూ. ఇంటి నుంచి రెండున్నర గంటలు, మూడనుకోండి. బుధవారం మొదలై ఆదివారం ముగిసే కోర్సు దొరికితే ఎనిమిది లీవులు చాలు.

కొండల్ని చిన్నబుచ్చడం లేదు. ఎత్తుకి వెళ్తే చల్లటి గాలి, వెనక్కి ఉరికే దారి లేకపోవడం, ఇవి నిజంగా సాయం చేస్తాయి. విజయరాయిలో మూడో రోజు కాళ్లు పీకుతుంటే బస్సెక్కి ఇంటికి పోవచ్చన్న ఆలోచన వస్తుంది. ధరమ్‌కోట్‌లో అది అంత తేలిగ్గా రాదు. అయినా మొదటిసారికి నా ఓటు దగ్గర చోటికే. పద్ధతి మనకి సరిపడుతుందో లేదో తెలియకుండా రెండు వేల కిలోమీటర్లు వెళ్లడం, డెమో చూడకుండా ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టినట్టే. ఇంట్లో ఎవరూ మన మీద ఆధారపడనివాళ్లు, మౌనంలో కాస్త అలవాటున్నవాళ్లు నేరుగా కొండెక్కండి, నేను అడ్డు చెప్పను.

అక్క మాత్రం నవ్వింది. "హిమాలయాలన్నావు, చివరికి ఏలూరా?"

"ఆయ్" అన్నాను.

ఆఫీసులో మేనేజరు అడిగింది ఒకటే: "అక్కడ నెట్‌వర్క్ ఉండదా?" ఉంటుంది, ఫోనే ఉండదు అన్నాను. కాసేపు ఆలోచించి, నా ఆన్‌కాల్ వారాన్ని వేరే కొలీగ్‌తో మార్చారు. నాకు బదులుగా వాళ్ల సంక్రాంతి వారం వచ్చింది. గోదారి జిల్లావాడికి సంక్రాంతికి ఆన్‌కాల్ ఎంత శిక్షో వేరే చెప్పాలా? భోగి మంట పక్కన లాప్‌టాప్ పెట్టుకుంటాను.

అమ్మతో కార్తీకం పేచీ ఇంకా తెగలేదు. కార్తీకం వెళ్లాక మార్గశిరంలో ఒక కోర్సు ఉందేమో చూస్తున్నా. నాన్నగారి మాత్రలు రోజువారీ డబ్బాల్లో సర్దిపెట్టాలి, ఎదురింటి బాబాయికి ఆంబులెన్స్ సంగతి చెప్పి ఉంచాలి. ఆయన మాత్రం నన్ను వెళ్లొద్దనలేదు. విజయరాయి ఆఫీసు నంబరు పెద్ద అక్షరాలతో కాయితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించమన్నారు. కళ్లజోడు లేకపోయినా కనబడాలట. అంటించాను.